మన మీద రాసిన పుస్తకాలు మన ఊరికి ఎప్పుడు వస్తాయి?

ఇది కొంచెం పెద్ద పోస్టు. నెట్ బాగున్న దగ్గర కూర్చుని తీరిగ్గా చదవండి. చదివి ఊరుకోకండి, చివర్లో అందరికీ ఒక పని ఉంది.

మన గ్రూపులో డిజిటల్ లైబ్రరీ మాట వచ్చినప్పుడల్లా మూడు జవాబులు వస్తున్నాయి. ఒకటి: "అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా, మళ్ళీ మనమెందుకు?" రెండు: "ఉన్న పీడీఎఫ్‌లన్నీ ఒక డ్రైవ్‌లో పడేస్తే అయిపోతుంది." మూడు: "నోటిఫికేషన్లు చూసుకోక ఈ థీసిస్‌లు మనకెందుకు?" ఈ మూడూ తప్పే. ఎందుకు తప్పో చెప్పడానికే మేము కూర్చుని ఇది రాశాం. మేము అంటే పీజీలు, పీహెచ్‌డీలు చేస్తూ మన తెగల మీద వచ్చిన పరిశోధనను ఏరుకుంటున్న కొద్దిమందిమి. గోండు, కోయ, సవర, కొండరెడ్డి, లంబాడీ అందరం ఉన్నాం.

మా మాట ఒక్కటే. మన మీద జరిగిన పరిశోధన మన భూమికి సాక్ష్యం. అది మన గ్రామసభ చేతికి రావాలి. మామూలు ఫోన్‌లో, మన పేర్లతో వెతికితే, కావలసిన పేజీ దొరికేలా రావాలి. ఏది తెరవాలో ఏది మూయాలో మనమే చెప్పాలి.

*ఇది భూమి విషయం*

అటవీ హక్కుల చట్టం 2006 గురించి తెలియనివాళ్ళు మనలో లేరు. దాని కింద 2008లో వచ్చిన నిబంధనలు మాత్రం చాలామంది చదవలేదు. అందులో 13వ నిబంధన చూడండి. హక్కు కోరేవాళ్ళు ఏమేం సాక్ష్యంగా చూపించవచ్చో అక్కడ వరసగా ఉంది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంట్ రిపోర్టులు, పాత సంస్థానాల రికార్డులు, పాత బావులు, శ్మశానాలు, దేవర స్థలాలు, పెద్దమనుషుల వాంగ్మూలం. వీటితోపాటు, పేరున్న సంస్థలు ఆచారాల మీద, అటవీ హక్కుల అనుభవం మీద చేసిన పరిశోధనలు కూడా సాక్ష్యమే అని స్పష్టంగా ఉంది.

మన అటవీ హక్కుల కమిటీల్లో ఎంతమంది ఒక పరిశోధన పుస్తకం పేజీని జిరాక్స్ తీసి దరఖాస్తుకు జత చేశారు? మనోళ్ళ దరఖాస్తుల్లో ఉండేవి రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఇద్దరు పెద్దల సంతకాలు. "ఆధారాలు చాలవు" అని తిప్పి పంపితే మనం పోడు మీద నిలబడి ధర్నా చేస్తాం. ధర్నా చెయ్యాల్సిందే. కానీ అదే ఊరి గురించి, అదే వంశం గురించి, అదే వాగు గురించి ఎనభై ఏళ్ళ కింద అచ్చయిన పేజీ ఎక్కడో ఒక అల్మారాలో ఉండి, అది ఉన్నట్టే మనకు తెలియకపోవడం ఎవరికి లాభం?

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఏమన్నదో గుర్తుంది కదా. తిరస్కరణకు గురైన దరఖాస్తుదారులను అడవి నుంచి పంపించాలన్నది. దేశమంతా గగ్గోలు లేచాక అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపింది. ఆ పదిహేను రోజులు మన ఊళ్ళల్లో ఎవరికీ నిద్ర లేదు. దరఖాస్తు తిరస్కరణ అంటే ఒక కాగితం వెనక్కి రావడం కాదని అప్పుడు తెలిసొచ్చింది.

ఇగ చెంచుల సంగతి. చట్టంలో సెక్షన్ 3(1)(ఇ) కింద చెంచు, కోలాం, కొండరెడ్డి, తోటి వంటి ఆదిమ గిరిజన తెగలకు ఆవాస హక్కు ఉంది. అంటే ఒక ఇల్లు, ఒక చేను కాదు, తరతరాలుగా తిరిగి బతికిన ప్రాంతమంతా. మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా బైగాలు ఈ హక్కు సాధించారు. ఇది అడగాలంటే ఏ గుంపు ఏ కొండ దాకా తిరిగేది, తేనె ఎక్కడ తీసేది, దేవర ఎక్కడుంది అని చూపించాలి. నల్లమల చెంచులు ఇలా గుంపులు గుంపులుగా ఏ ప్రాంతంలో బతికారో హైమన్‌డార్ఫ్ 1943లో "ది చెంచూస్" అనే పుస్తకమే రాశారు. ఆ పుస్తకం మన్ననూరులో, సున్నిపెంటలో ఏ చెంచు పిల్లవాడి చేతిలో ఉంది?

*"అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా" అనేవాళ్ళకు*

ఉన్నాయి. కానీ ఎవరి కోసం ఉన్నాయి?

శోధ్‌గంగ తీసుకోండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతుంది. పీహెచ్‌డీ థీసిస్‌లను ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చింది. ఇప్పుడు అక్కడ లక్షల థీసిస్‌లు ఉన్నాయి, ఉచితంగా చదవవచ్చు. ఇది నిజంగా గొప్ప పనే, మేమూ రోజూ వాడుతున్నాం. కానీ ఒక థీసిస్ తెరవండి. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు. మీ ఊరు ఏ అధ్యాయంలో ఉందో తెలియాలంటే అన్నీ దించుకోవాలి. స్కాన్ చేసిన తెలుగు థీసిస్ అయితే పేజీలు బొమ్మలే, లోపల మాట వెతికితే దొరకదు. పైన రాసే వివరాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆ వెబ్‌సైటు మరో పరిశోధకుడి కోసం కట్టింది. ఐదో తరగతి చదివిన అటవీ హక్కుల కమిటీ అధ్యక్షురాలు దాన్ని వాడాలన్న ఆలోచన కట్టినవాళ్ళకు రాలేదు.

ఇంకొకటి, ఒకే దేశం ఒకే చందా పథకం. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్ళు. చదువుకునేవాళ్ళకు మేలు జరిగింది, కాదనం. కానీ అది ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకూ పరిశోధన సంస్థలకూ మాత్రమే. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే మన చెల్లెలికి లేదు. చదువు ఆపి ఊళ్ళో వ్యవసాయం చేసే తమ్ముడికి లేదు. గ్రామసభకు అసలే లేదు. వాళ్ళు ఒక్క వ్యాసం చదవాలంటే ముప్పై నలభై డాలర్లు, అంటే మూడు వేల రూపాయల దాకా కట్టాలి. ఆ వ్యాసంలో ఉన్నది వాళ్ళ అమ్మమ్మ చెప్పిన కథే కావచ్చు.

ఇక హైమన్‌డార్ఫ్. 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం ఆయన చేత మన పరిస్థితి మీద అధ్యయనం చేయించింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేశారు. ఇవాళ్టికీ మార్లవాయిలో మనోళ్ళు వాళ్ళను తలుచుకుని దండం పెడతారు. ఆ కృతజ్ఞత మన సంస్కారం. కానీ ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ దగ్గర ఉన్నాయి. ఆయన పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. 1982లో వచ్చిన "ట్రైబ్స్ ఆఫ్ ఇండియా" ఒక్కటి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం వాళ్ళు నెట్‌లో ఉచితంగా చదవనిస్తున్నారు. ఆదిలాబాద్ భూములు గిరిజనేతరుల చేతికి ఎలా పోయాయో అందులో ఉంది. ఈ గ్రూపులో ఎంతమంది దాన్ని తెరిచారో చేతులెత్తండి. మీ తప్పని అనడం లేదు. అది ఉందని మనకు చెప్పే మనిషీ లేడు, చూపించే చోటూ లేదు. లైబ్రరీ అంటే ఆ చోటే.

*డ్రైవ్‌లో పడేస్తే లైబ్రరీ కాదు*

ఇప్పుడు మనోళ్ళతోనే కొంచెం గట్టిగా మాట్లాడాలి. గ్రూపుల్లో తిరిగే డ్రైవ్ లింకులు మీరూ చూశారు. "ట్రైబల్ మెటీరియల్ ఫైనల్", "న్యూ ఫైనల్", "స్కాన్ 0047". రెండొందల ఎంబీ ఫైలు, లోపల ఏముందో తెరిస్తే గాని తెలియదు, తెరిస్తే ఫోన్ ఆగిపోతుంది. ఆర్నెల్లకు లింకు పనిచేయదు. ధాన్యాన్ని నేల మీద కుప్ప పోసినంత మాత్రాన గాదె కాదు కదా.

మనకు పనికొచ్చే లైబ్రరీ అంటే ఏందో నాలుగు మాటల్లో చెబుతాం.

మొదటిది, పేర్లు. మన తెగలకు పుస్తకాల్లో ఒక పేరు లేదు. సవర అని మనం వెతుకుతాం. పుస్తకాల్లో సోర, సవోర, సౌరా అని ఉంటుంది. లంబాడీ ఒక చోట బంజారా, ఇంకో చోట సుగాలి. కొండరెడ్లు పాత రాతల్లో హిల్ రెడ్డీస్. హైమన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద రాసిన పుస్తకం పేరు "ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్". బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలే. పాపికొండలు అని వెతికే కొండరెడ్డి పిల్లకు ఆ పుస్తకం ఎప్పటికి దొరకాలి? ఏ పేరు కొట్టినా మిగతా పేర్లన్నీ కలిపి చూపించాలి. ఇది కంప్యూటర్‌కు కష్టమైన పనేం కాదు. ఏ పేరుకు ఏ పేరు జతో చెప్పే మనిషి కావాలి. అది మనకు తెలిసినట్టు బయటివాళ్ళకు తెలియదు.

రెండోది, ఊళ్ళు. చింతూరు దగ్గర ఒక కోయ ఊరు తీసుకోండి. బ్రిటిష్ కాలంలో మద్రాసు రాష్ట్రం, తూర్పు గోదావరి ఏజెన్సీ. 1959లో భద్రాచలం తాలూకాతో ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌కు, మళ్ళీ తూర్పు గోదావరికి పోయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఊరు అడుగు కదల్లేదు, చిరునామా మాత్రం మారుతూనే ఉంది. 1975లో రాసిన థీసిస్‌లో ఆ ఊరు ఖమ్మం కింద ఉంటుంది. పాత ఆదిలాబాద్ 2016లో నాలుగు జిల్లాలయింది. జిల్లా పేరుతో వెతికితే సగం మన చేతికి రాదు. ఊరి పేరు, పాత తాలూకా, ఇప్పటి మండలం, మూడూ రాసి పెట్టాలి.

మూడోది, అక్షరాలు. మన జిల్లాల్లో తయారైన తెలుగు రిపోర్టులు చాలా వరకు అను ఫాంట్లలో కొట్టినవి. కంటికి తెలుగులాగే కనబడతాయి. కంప్యూటర్ లోపల మాత్రం అవి వేరే గుర్తులు. అందుకే "పోడు" అని వెతికితే ఒక్కటీ రాదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి. స్కాన్ బొమ్మలను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ తెలుగుకూ ఉంది, ఉచితంగా దొరికే టెసరాక్ట్ కూడా తెలుగు చదువుతుంది. అది చేసే తప్పులు దిద్దడానికి మనుషులు కావాలి. తెలుగు వికీసోర్స్‌లో ఎవరో తెలియని వాలంటీర్లు పాత పుస్తకాలకు ఈ పనే ఏళ్ళుగా చేస్తున్నారు. మన పుస్తకాలకు మనం చేసుకోలేమా? పైగా గుంజాల గోండి లిపి 2018లో, సోరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చాయి. గుంజాల ఊరి రాతప్రతుల అక్షరాలు ఇవాళ ఫోన్‌లో టైపు చేయవచ్చు. మన లైబ్రరీలో ఆ అక్షరాలతో కూడా వెతకగలగాలి.

నాలుగోది, ఫోన్ బరువు. మన ఊళ్ళల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కుతారు. మొత్తం పుస్తకం దించుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? ముందు పది లైన్ల తెలుగు సారాంశం రావాలి. తర్వాత ఏ పేజీలో ఏ ఊరు, ఏ ఆచారం, ఏ భూమి ఉందో పట్టిక. అటు తర్వాత కావలసిన ఆ ఒక్క పేజీ, దానితో పుస్తకం పేరు, ప్రచురించిన సంస్థ, సంవత్సరం ఉన్న మొదటి పేజీ. ఆఫీసులో సాక్ష్యంగా పెట్టడానికి ఇవి కావాలి. చదవలేని పెద్దలకు ఆ సారాంశం గోండిలో, కోయలో, కువిలో చదివి రికార్డు చేసిన చిన్న ఆడియో. మొత్తం లైబ్రరీ ఒక మెమరీ కార్డులో పట్టి, నెట్ లేకుండా ఆశ్రమ పాఠశాలలో నడవాలి.

ఇవి గాలి మేడలు కావు. న్యూజిలాండ్‌లో వైకాటో విశ్వవిద్యాలయం గ్రీన్‌స్టోన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. దానితోనే 1842 నుంచి 1932 దాకా మావోరీల కోసం వచ్చిన పత్రికలను లైబ్రరీగా పెట్టారు. మావోరీ భాషలోనే తెరిచి, మావోరీ మాటలతోనే వెతుక్కోవచ్చు. నెట్ లేనిచోట సీడీ నుంచి నడిచేలా కూడా గ్రీన్‌స్టోన్‌ను తయారుచేశారు. వాళ్ళకు కుదిరింది మనకెందుకు కుదరదు?

*తెరవాల్సినవి, మూయాల్సినవి*

కొందరు పెద్దలు ఇంకో మాట అంటున్నారు. "ఆ తెల్లోళ్ళు మనల్ని అవమానించి రాశారు. అవి మళ్ళీ మన పిల్లలకు చూపించాలా?"

ఈ కోపం న్యాయమైంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ మన తాతల ముక్కులు, తలలు కొలిచినవాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. ఎరుకల అన్నలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన 1871 నాటి చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ నడిపారు. దేశమంతటా అది పోవడానికి 1952 దాకా పట్టింది. అయితే థర్‌స్టన్ సంపుటాలు ఇప్పటికే నెట్‌లో ఉన్నాయి. మనం దాచినా దాగవు. ఎవరో ఒకరు వాటిని తెచ్చి మన మీద వాడుతూనే ఉంటారు. మన లైబ్రరీలో ఆ పేజీ పక్కనే మన మాట ఉండాలి: ఇది ఎవరు, ఎప్పుడు, ఏ ఉద్దేశంతో రాశారు, ఇందులో ఏది అబద్ధం, ఏది మనకు పనికొస్తుంది. బయటి లైబ్రరీలో ఆ మాట రాసే చోటు మనకు లేదు. మన లైబ్రరీ కావాలనడానికి అదొక్కటే చాలు.

మూయాల్సినవీ ఉన్నాయి. పెర్సాపేన్ పూజలో బయటివాళ్ళు చూడకూడనివి ఉంటాయి. చనిపోయినవాళ్ళ ఫొటోలు ఉంటాయి. వేర్లు, ఆకులు, మందులు ఉంటాయి. కేరళలో కాణి తెగవాళ్ళు 1987లో శాస్త్రవేత్తలకు ఆరోగ్యపచ్చ మొక్క చూపించారు. దాని నుంచి జీవని అనే మందు తయారై కంపెనీకి వెళ్ళింది. ఆ కేసులో కాణివాళ్ళకు కొంత వాటా ఇచ్చే ఏర్పాటు జరిగింది కాబట్టే దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. అంటే వాటా ఇవ్వకపోవడమే లోకంలో మామూలు అన్నమాట. మన మందుల పరిశోధనను ఎవరైనా దించుకునేలా పెట్టడం అమాయకత్వం.

దీనికీ దారి ఉంది. ఆస్ట్రేలియాలో వరుముంగు అనే ఆదివాసులతో కలిసి ముకుర్తు అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కట్టారు. అందులో ఏ ఫొటో ఎవరికి కనబడాలో తెగ పెద్దలే నిర్ణయిస్తారు. కొన్ని అందరికీ, కొన్ని తెగ వాళ్ళకే, కొన్ని ఆడవాళ్ళకే లేదా మగవాళ్ళకే. కెనడాలో ఆదివాసీ జాతులు తమ సమాచారం మీద యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం తమవేనని 1998 నుంచి సూత్రంగా పెట్టుకున్నాయి. మన పటేళ్ళు, కటోడాలు, నాయకులు ఈ మాట వింటే వెంటనే అర్థం చేసుకుంటారు. ఊళ్ళో ఎవరికి ఏది చెప్పాలో వాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు.

*"ఉద్యోగాలు చూసుకోండి" అనేవాళ్ళకు*

ఉద్యోగం సంగతే మాట్లాడదాం. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులు స్థానిక ఎస్టీలకే అని 2000లో వచ్చిన జీవో 3 మన ఇళ్ళల్లో ఎన్ని దీపాలు వెలిగించిందో తెలుసు. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ ఇవ్వాల్సినంత అసాధారణ పరిస్థితులు లేవన్నది. అదే తీర్పులో మన జీవన విధానాన్ని ఆదిమమైనదిగా వర్ణించారు. ఆ మాట థర్‌స్టన్ కాలం నుంచి పుస్తకం మీద పుస్తకంగా నడిచొచ్చిన మాటే.

మన ఊళ్ళో బయటి టీచరు ఎన్ని రోజులు వచ్చాడు, మన భాష రాని టీచరు ముందు ఒకటో తరగతి పిల్లలు ఎలా మూగబోయారు, మన టీచరు వచ్చాక ఎంతమంది బడిలో నిలబడ్డారు. ఇవి రాసిన ఎంఫిల్‌లు, పీహెచ్‌డీలు ఉన్నాయి. రాసినవాళ్ళలో మన అన్నలు, అక్కలు కూడా ఉన్నారు. అవి ఒక చోట లేవు. రేపు ఇంకో జీవో కోసం, ఇంకో కేసు కోసం మన లాయరుకు వారంలో కాగితాలు కావాలంటే ఏం ఇస్తాం? ఉద్యోగం కావాలనే వాళ్ళకే ఈ లైబ్రరీ ముందు కావాలి. 1997 సమతా తీర్పు మన గనులను కాపాడింది. అలాంటి కేసులో నినాదం మొదలుపెడుతుంది, కాగితం నిలబెడుతుంది.

*చట్టం అడ్డొస్తుందా?*

కాపీరైట్ గురించి భయపడి కొందరు, భయమే లేక కొందరు మాట్లాడుతున్నారు. సంగతి ఇది. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. గిడుగు రామమూర్తి పంతులు 1940లో పోయారు. ఆయన సవర భాష మీద 1931లో వేసిన మాన్యువల్, 1938 నాటి సోర నిఘంటువు ఇవాళ అందరివీ. సీతంపేట పిల్లలు రేపే టైపు చేసి పెట్టుకోవచ్చు. హైమన్‌డార్ఫ్ 1995లో పోయారు. అంటే "ది చెంచూస్" 2055 చివరిదాకా మూతే. చెంచుల మీద పుస్తకం, చెంచులు నేరుగా వాడుకోవడానికి ఇంకా ముప్పై ఏళ్ళు! ఎవరి న్యాయం ఇది?

అయినా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పుస్తకం మొత్తం పెట్టకూడదు గాని, ఏ పేజీలో ఏముందో పట్టిక రాయడాన్ని ఎవరూ ఆపలేరు. మన మాటల్లో సారాంశం రాయడాన్నీ ఆపలేరు. కోర్టు కేసు కోసం నకలు తీసుకోవడం, సొంత పరిశోధనకు వాడుకోవడం చట్టంలో సెక్షన్ 52 ఇచ్చిన హక్కు. లాభం కోసం నడవని గ్రంథాలయం తన దగ్గరున్న అచ్చు పుస్తకాన్ని భద్రం చేయడానికి డిజిటల్ ప్రతి దాచుకోవచ్చని కూడా అక్కడే ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు కేసులో 2016లో హైకోర్టు చదువు కోసం చేసిన నకళ్ళను సమర్థించింది. కాబట్టి దొంగతనం అవసరం లేదు. చట్టం తెరిచిన తలుపులన్నీ ముందు వాడుకుందాం, మిగతా తలుపుల కోసం కొట్లాడదాం.

*మేము అడుగుతున్నవి*

ప్రభుత్వాలను అడుగుతున్నాం. హైదరాబాద్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ 1963 నుంచి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండదొరల భాష మీద రాసిన పుస్తకాన్ని 1969లో అచ్చు వేసింది ఆ సంస్థే. మన పేరు మీద వచ్చిన నిధులతో రెండు రాష్ట్రాల్లో తయారైన సర్వేలు, రిపోర్టులు మొత్తం యూనికోడ్ తెలుగులో, వెతికితే దొరికేలా బయట పెట్టండి. అవి మీ అల్మారాల ఆస్తి కాదు.

విశ్వవిద్యాలయాలను అడుగుతున్నాం. మన ఊరికొచ్చి, మన ఇంట్లో జొన్న గటక తాగి, మన పెద్దల నోట మాట రికార్డు చేసుకుని డాక్టరేట్ తీసుకున్న ప్రతి ఒక్కరూ ఆ గ్రామసభకు ఒక ప్రతి, నాలుగు పేజీల తెలుగు సారాంశం ఇవ్వాలి. ఇవ్వకపోతే పట్టా ఆపండి. ఒక పెద్ద గ్రంథాలయంలో మన సొంత తెగ మీద థీసిస్ చూడటానికి వెళ్తే మాలో ఒకామెను మూడుసార్లు లెటర్ తెమ్మని తిప్పారు. ఆ థీసిస్‌లో ఆమె ఊరి పేరుంది. ఇలాంటి తలుపులు తెరవాలి. ములుగులో, విజయనగరంలో గిరిజన కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఈ లైబ్రరీకి సర్వర్ ఇచ్చి, కాపలా కాసే బాధ్యత వాటిదే. పెత్తనం మాత్రం గ్రామసభలది.

మనల్ని మనం అడుగుతున్నాం. ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ ఒక్క థీసిస్ గాని, ఒక్క రిపోర్టు గాని తీసుకోండి. ఒక్కటి చాలు. శోధ్‌గంగలో మీ జిల్లా పేరుతో, మీ తెగ పాత పేర్లతో వెతకండి. ఇవి రాయండి: ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఏ విశ్వవిద్యాలయం, ఏ తెగ, అందులో ఉన్న ఊళ్ళ పేర్లు పేజీ నంబర్లతో, పది లైన్ల తెలుగు సారాంశం. పూజలు, మందుల గురించి ఏదైనా ఉంటే పైన "పెద్దలను అడగాలి" అని గుర్తు పెట్టండి, గ్రూపులో పెట్టకండి. మీ అవ్వకు ఆ సారాంశం మన భాషలో చదివి వినిపించండి. ఆమె "ఇది తప్పు" అంటే ఆ మాట కూడా రాయండి. అందరివీ కలిపి ఒకే జొటేరో గ్రూపులో చేర్చే పని మేము చూసుకుంటాం. అది ఉచితం, కంప్యూటర్ ల్యాబులో నడుస్తుంది. మెమరీ కార్డుకు ఎక్కించే ప్రతి దాని నుంచే తయారవుతుంది.

మొదటి విడతగా మూడు తీసుకుందాం. చెంచుల ఆవాస ప్రాంతం, పాపికొండల కొండరెడ్లు, ఆదిలాబాద్ గోండు కోలాంల పోడు భూములు. ఈ మూడు చోట్లా ఇవాళ పులుల అభయారణ్యం, ప్రాజెక్టు ముంపు, తిరస్కరించిన దరఖాస్తులు ఉన్నాయి. కాబట్టి అక్కడే ముందు. ఆ ప్రాంతాల అన్నలు, అక్కలు కింద మీ మండలం పేరు రాయండి. ఎవరు ఏ థీసిస్ తీసుకున్నారో కూడా రాస్తే ఒకే దాన్ని ఇద్దరు చేయకుండా ఉంటుంది.

జల్, జంగల్, జమీన్ అన్నాడు భీం. వాటిని నిలబెట్టే కాగితం కూడా మనదే. తెచ్చుకుందాం.

జై ఆదివాసీ. జై సేవా.